సముద్రం దాటిన గళ్ళు

నోవా స్కోషియా అంటే లాటిన్‌లో ‘కొత్త స్కాట్లండ్’ అని అర్థం. కెనడాలోని ఆ రాష్ట్రంలో, 1863 నుంచి హైలాండ్ (స్కాట్లండ్ కొండసీమ) క్రీడలకు పేరుపడ్డ ఆంటిగోనిష్ ఊళ్ళో, నా ముందు నిలబడిన ఒక పెద్దాయన కిల్ట్‌ను, అంటే స్కాట్లండ్ మగవారు నడుముకు చుట్టుకునే గళ్ళ పావడాను, చాలాసేపు గమనించాను. ముందు భాగం మడతలేవీ లేకుండా చదునుగా ఉంది. వెనక మాత్రం ఎనిమిది గజాల ఉన్ని బట్ట కుచ్చెళ్ళుగా ఒదిగిపోయింది. అన్ని మడతలు పెట్టినా గళ్ళ వరుస ఎక్కడా తెగలేదు, ఎందుకంటే ప్రతి కుచ్చె మీది చారా పక్క కుచ్చె చారతో సరిగ్గా కలిసేలా కొలిచి కుట్టారు.

ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్, అంటే ఒక్కో రకం గళ్ళ నమూనా, అన్న పద్ధతి అంత పాతదేమీ కాదు. 1822లో నాలుగో జార్జి రాజు స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ జరిపించిన వేడుకలతోనే అది ఊపందుకుంది. అందువల్ల స్కాట్లండ్ నుంచి వలస వెళ్ళినవారి వారసులు కట్టుకునేది ఉత్త వేషమని తేల్చేసేవారితో మాత్రం నేను ఏకీభవించలేను. కల్లోడెన్ యుద్ధంలో బ్రిటిష్ ప్రభుత్వ సేన చేతిలో హైలాండ్ తిరుగుబాటుదారులు ఓడిపోయిన తరవాత 1746లో చేసిన చట్టం, సైనికులు కాని మగవారు హైలాండ్ దుస్తులు ధరించడాన్ని నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి దొరికితే సముద్రాల అవతల ఏడేళ్ళ ప్రవాసం. 1773లో హెక్టర్ ఓడలో వచ్చి నోవా స్కోషియాలోని పిక్టౌ తీరంలో దిగిన స్కాట్లండ్ కుటుంబాలు స్వదేశం విడిచేనాటికి ఆ చట్టం ఇంకా రద్దు కాలేదు. అది 1782 దాకా అమల్లోనే ఉంది. తాతల ఒంటి మీద నేరమైన బట్టను మనవలు నలుగురిలో కట్టుకుని తిరుగుతుంటే, ఆ గళ్ళ వయసెంతని ఆరా తీయడం నాకు చిన్న విషయంగా తోస్తుంది.

పెద్దాయన మనవరాలు వేసుకున్నది నోవా స్కోషియా టార్టన్. 1953లో బెస్సీ మరే అనే నేతకళాకారిణి గొర్రెల పెంపకం ప్రదర్శన కోసం ఒక చిత్రపటం తయారు చేస్తూ, అందులోని కాపరికి ఏదో ఒక వంశపు టార్టన్ తొడిగితే మిగిలినవారిని పక్కన పెట్టినట్టవుతుందని, ఎవరిదీ కాని కొత్త గళ్ళను కూర్చారు. చూసినవారు అదే తమకూ కావాలన్నారు. అందులో నీలం సముద్రానిది, పచ్చ అడవులది. ఆ పాప గాలికి ఎగురుతున్న పావడా అంచును పట్టుకుని, తెల్లచార మీద వేలుపెట్టి చూపిస్తూ, “ఇది అలల నురుగు” అని నాకు చెప్పింది.