నొప్పి కాలి నుంచి నడుముకు వచ్చింది, భయపడ్డాను

బడులు తెరిచే జూన్ నెల. యూనిఫారాల తొందరలో రోజుకు పది గంటలు కుట్టుమిషను ముందు వంగి కూర్చున్నాను. ఒక ఉదయం నీళ్ల బకెట్ ఎత్తబోయాను. ఎడమ పిరుదులో మొదలైన నొప్పి తొడ వెనుక నుంచి పిక్క మీదుగా కాలి చిటికెన వేలి దాకా జివ్వున లాగింది. ఆ తర్వాత తుమ్మినా దగ్గినా అదే బాధ.

నరం పట్టేసింది, సాగదీస్తే వదులుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. పాదానికి చున్నీ చుట్టి, కాలు నిటారుగా పైకి లాగాను. ఆ రాత్రంతా నిద్ర లేదు. నడుము నుంచి కాలిలోకి దిగే తుంటి నరం అప్పటికే మంట మీదుంది, దాన్ని నేనే ఇంకా గుంజానని తర్వాత తెలిసింది.

నడుము అడుగున ఎల్5, ఎస్1 అనే వెన్ను ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బి నరం మూలాన్ని నొక్కుతోందని డాక్టరు చెప్పి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి మేడమ్ నన్ను ఎడమ కాలి మునివేళ్ల మీద ఒంటికాలితో నిలబడమన్నారు. మడమ లేవలేదు. కన్నీళ్లు ఆగలేదు.

తర్వాత బోర్లా పడుకోబెట్టారు. రెండు నిమిషాలు అలాగే, ఆపైన మోచేతుల మీద, చివరికి అరచేతులు ఆనించి ఛాతీ పైకి. నడుము వదులుగా వదిలేయాలి, తుంటి బల్లకే ఆని ఉండాలి. పదిసార్లు. ఇంట్లో రెండు మూడు గంటలకోసారి. "నొప్పి ఎంత ఉంది?" అని కాదు, "ఎక్కడి దాకా ఉందమ్మా?" అని ప్రతిసారీ అడిగేవారు.

మూడో రోజు నడుములో నొప్పి బాగా పెరిగింది. హడలిపోయి ఫోన్ చేశాను. "పిక్కలో?" అన్నారు. అప్పుడు గమనించాను, పిక్కలో లేదు. "నొప్పి పాదం నుంచి నడుము వైపు వెనక్కి వస్తే మంచి గుర్తు. కిందికి దిగితే మాత్రం ఆపేసి నాకు చెప్పండి" అన్నారు. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ పేరుతో ఉన్న పద్ధతి ఇది. ఇదే అందరికీ పనికిరాదు. నా పక్క బల్ల మీది పెద్దాయనకు వెన్నులో నరాల దారి ఇరుకైంది. ఆయన చేత మోకాళ్లు పొట్టకు ఆనించే వ్యాయామం చేయించేవారు, సరిగ్గా నాకు వద్దన్నదే. వీడియోలు చూసి ఎవరికి వారు మొదలుపెట్టకండి, దయచేసి.

కాలి నొప్పి పిరుదు దాకా వెనక్కి వచ్చాక నరం కదిలించే వ్యాయామం ఇచ్చారు. కుర్చీలో కూర్చుని, మోకాలు చాపుతూ తల పైకెత్తాలి, మడుస్తూ తల దించాలి. లాగుడు తెలిసేలోపే ఆగాలి. రోజూ రెండు పూటలా పది నిమిషాల నడక. మంచానికి అతుక్కుపోవద్దని గట్టిగా చెప్పారు. కూర్చునే చోట తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, పాదం వేలాడినా వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని కూడా.

ఇప్పటికీ మిషను దగ్గర అరగంటకోసారి లేస్తాను. తొమ్మిదో వారంలో అనుకుంటాను, పై అరలోని దారాల డబ్బా కోసం చెయ్యి చాపాను. డబ్బా అందాక చూసుకుంటే, నిలబడింది ఎడమ కాలి మునివేళ్ల మీద.