అంచు చిట్లిన తాంతో, మూడో నెల

నగోయాలో ఓసు కన్నోన్ గుడి దగ్గర నెలకు రెండుసార్లు, 18న, 28న, పాత సామాన్ల సంత పెడతారు. నేను బాగుచేసుకుంటున్న ఈ జపాన్ బాకు, తాంతో, నాకు దొరికింది అక్కడే. తాంతో అంటే ఒక షాకు లోపు, అంటే 30.3 సెంటీమీటర్ల లోపు పొడవున్న బాకు. నాది 24.6. ఒర అతుకు వెంట విచ్చుకుంది, పిడి మీది జత బొమ్మల్లో ఒకటి లేదు, మొనకు కాస్త కింద అంచులో 3 మిల్లీమీటర్ల ముక్క ఎగిరిపోయింది. అందుకే నా జీతానికి అందింది.

కొనేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూసుకున్నాను. పొడవు, వంపు, పిడిని కత్తికి పట్టి ఉంచే చీలకు రంధ్రాలెన్ని, పేరు చెక్కి ఉందా లేదా అన్నీ అందులో ఉంటాయి. కొన్నాక 20 రోజుల్లోపు యజమాని మారినట్టు తెలియజేయాలి. అదీ పోలీసులకు కాదు, చాలాచోట్ల విద్యా మండలికి! కళాఖండంగా లెక్కేసి ఉంచుకోనిస్తారు మరి.

పిడి ఊడదీయడానికే రెండు వారాలు పట్టింది. వెదురు చీలను సన్నగా ఉన్న వైపు నుంచి కొడితే సులువుగానే వచ్చింది. పిడి మాత్రం కదల్లేదు. పొడవాటి కత్తులకైతే పట్టుకున్న చేతి మణికట్టు మీద గుద్దితే బరువుకు అదే జారుతుంది. బాకుకు అంత బరువు ఉండదు. లాగితే వేళ్లు తెగుతాయి. చివరికి గాడి ఉన్న చెక్క దిమ్మను పిడి మొదట్లో ఆనించి, చెక్క సుత్తితో రోజూ నాలుగు దెబ్బలు వేశాను. పదమూడో రోజు టక్కుమంది. లోపలి తోక నల్లటి తుప్పుతో ఉంది. దాన్ని గీకకూడదు, కత్తి వయసు అంచనా వేసేవాళ్లు ఆ రంగునే చూస్తారు. ఎర్రగా పొడిలా రాలేదాన్ని మాత్రం గుడ్డతో తుడిచాను.

కత్తులకు పేరున్న సెకి ఊళ్లో సానపట్టే ఒక పెద్దాయనకు చూపించాను. భూతద్దంలో చాలాసేపు చూసి, 'హగిరె' లేదన్నారు. అంచుకు అడ్డంగా వచ్చే ఆ పగులు ఉంటే కత్తి పోయినట్టే. కానీ చిట్లిన చోటు మాయమవ్వాలంటే అంచు మొత్తం 3 మిల్లీమీటర్లు అరగదీయాలి. అప్పుడు అంచు వెంట మబ్బులా కనిపించే గట్టి ఉక్కు మొన దగ్గర అరిగిపోవచ్చు. వద్దనుకున్నాం. లవంగాల వాసనొచ్చే కత్తి నూనె పలచగా పూసి పెట్టాను.

ఇక నా తెలివితక్కువ పని. పిడి మొదట్లో ఉండే పట్టీని ఫుచి అంటారు. నాది షకుదో లోహం, అంటే రాగిలో కాస్త బంగారం కలిపింది. దాన్ని మందు నీళ్లలో ఉడికిస్తే నీలి నలుపు రంగు వస్తుంది. జపనీయులు దీన్ని 'కాకి బంగారం' అని కూడా అంటారు. మన కాకిబంగారం పైకి మెరిసే ఉత్తుత్తి రేకు. ఇక్కడిది పైకి నలుపు, లోపల నిజం బంగారం. ఇదంతా తెలియక, మురికి అనుకుని ఇత్తడి పాలిష్‌తో ఓ మూల పది సెకన్లు రుద్దాను. చింతపండుతో తోమిన చెంబులా గులాబీ రంగు తేలింది. ఆ మచ్చ ఇంకా ఉంది, చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. మిగతాదంతా డిస్టిల్డ్ వాటర్, దూది, వెదురు పుల్లతోనే శుభ్రం చేశాను. దాని మీద చేప గుడ్లలా వరసగా కొట్టిన చుక్కల మధ్య మట్టి పోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

ఒర హోనోకి చెక్క, మన సంపెంగ జాతి చెట్టే. రెండు బద్దలు చెక్కి అన్నంతో అతికిస్తారు. అమ్మకు ఫోన్లో చెబితే ఒకటే నవ్వు. చిన్నప్పుడు గాలిపటాలకు మెతుకులు ఇచ్చింది ఆవిడే కదా! జపాన్ బియ్యం జిగురెక్కువ. వేడి అన్నాన్ని చెక్క పలక మీద గరిటె కాడతో పావుగంట నూరితే పలుకు లేకుండా సాగుతుంది. నీళ్లు ఎక్కువైతే పట్టదు, నా మొదటి అతుకు మర్నాటికే ఊడింది. అన్నమే ఎందుకంటే, గట్టిగా పట్టినా కావాలనుకున్నప్పుడు మళ్లీ అతుకు దగ్గర విడదీసి లోపల తుప్పు, పాత నూనె గీకేయవచ్చు. ఫెవికాల్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. తాడు చుట్టి, కింద చిన్న చీలలు దూర్చి బిగించి, మూడు రోజులు వదిలేశాను. చివర ఉన్న గేదె కొమ్ము తొడుగుకు పురుగు పట్టి బెజ్జాలు పడ్డాయి. వాటి జోలికి ఇంకా పోలేదు.

కత్తిని ఈ ఒరలో మళ్లీ పెట్టను. దానికి సాదా చెక్క ఒర వేరే చేయిస్తున్నాను. పాత పిడి, ఒర కలిసి నిలబడాలంటే లోపల కత్తి ఆకారంలో చెక్క, త్సునాగి, కావాలి. మొదటిది చెక్కాక చీల రంధ్రం 2 మిల్లీమీటర్లు పక్కకు పోయింది, పారేశాను. రెండోదానికి ముందు రంధ్రం తొలిచి, చీల బిగుతుగా కూర్చున్నాకే పక్కలు చెక్కుతున్నాను.