జింక తల పరీక్షకిచ్చాక 13 రోజులు

ఫోన్ మోగినప్పుడు మీటింగ్‌లో ఉన్నాను. తెలియని నంబరు కదా అని ఎత్తలేదు. తర్వాత వాయిస్‌మెయిల్ వింటే రాష్ట్ర సహజ వనరుల శాఖ నుంచి. మీరు పరీక్షకిచ్చిన జింకలో సీడబ్ల్యూడీ కనిపించింది, వీలు చూసుకుని ఫోన్ చేయండి అని. సీడబ్ల్యూడీ అంటే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకల మెదడుని పాడుచేసి, చిక్కి చచ్చిపోయేలా చేసే జబ్బు. నాకు ముందు గుర్తొచ్చింది నా మాంసం కాదు, పక్కింటాయన మాంసం. ఎందుకో తర్వాత చెప్తాను.

మేముండేది అమెరికాలోని విస్కాన్సిన్‌లో, మాడిసన్‌కి పడమటి వైపు. ఈ జబ్బు సంగతికొస్తే ఇంతకన్నా నడిమధ్య చోటు లేదు. 2001 నవంబరులో మౌంట్ హోరెబ్ దగ్గర వేటాడిన మూడు మగ జింకల్లో ఇది ఉందని 2002 ఫిబ్రవరిలో తేలింది. మిసిసిపీ నదికి తూర్పున అదే మొదటిసారి. మా ఇంటి నుంచి ఆ ఊరు ఎంతో దూరం లేదు.

వేట నేర్పింది పక్కింటాయనే. ఇక్కడ 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట లైసెన్సు కొనాలంటే ముందు భద్రత కోర్సు చేయాలి. ఆయన అంతకు ముందే పుట్టాడు కాబట్టి బతికిపోయాడు. నేను మాత్రం పన్నెండేళ్ల పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశాను. వాళ్లలో సగం మందికి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయని నా అనుమానం.

థాంక్స్‌గివింగ్ ముందు శనివారం తొమ్మిది రోజుల తుపాకీ సీజన్ మొదలైంది. ఆయనకి పొద్దున్నే ఒక ఆడ జింక దొరికింది, నాకు మధ్యాహ్నం ఒక మగది. మంచి పుష్టిగా ఉంది. నిగనిగలాడే వెంట్రుకలు, వీపు మీద వేలు మందాన కొవ్వు. జబ్బు జింక అంటే ఎముకలు తేలి, తల వేలాడేసి, చొంగ కారుస్తూ తిరిగేది అనుకునేవాణ్ని. అది ఆఖరి దశ అట. ఒంట్లోకి చేరాక ఏడాదిన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం బయటికి ఏమీ కనపడదు. ఆ కాలమంతా అది ఉమ్ముతో, మూత్రంతో, పేడతో జబ్బును విదిలిస్తూనే తిరుగుతుంది.

పరీక్షకి ఇవ్వడం తేలికే. కొమ్ములు తీసేసుకోవచ్చు. తలకి మూడు నుంచి ఐదు అంగుళాల మెడ ఉంచి కోయాలి. పరీక్షించేది గొంతు వెనకుండే లింఫ్ గ్రంథుల్ని, ఈ జబ్బును తెచ్చే ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రొటీన్లు మెదడు కన్నా ముందే అక్కడ కనపడతాయి. రోడ్డు పక్క కియోస్క్‌లో సంచులు, ఫారాలు, బార్‌కోడ్‌లు ఉంటాయి. ఎక్కడ వేటాడామో వీలైనంత కచ్చితంగా రాయాలి, ఊరి పేరు ఒక్కటే రాస్తే పనికిరాదు. సంచి మూతి కట్టి డబ్బాలో వేసి, చీటీ ముక్క జేబులో పెట్టుకుని వచ్చేయడమే. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

తప్పు జరిగింది ఆ తర్వాత. రిజల్ట్ వచ్చేదాకా ఎవరి మాంసం వాళ్లు విడిగా పెట్టుకుందామని పక్కింటాయన అన్నాడు. నేనే వినలేదు. ఫ్రీజర్‌లో చోటు లేదు, ఒకేసారి గ్రైండ్ చేసి పంచుకుంటే ఒక పని అయిపోతుంది అన్నాను. ఆయన గరాజ్‌లో, ఆయన గ్రైండర్‌లో రెండు జింకల మాంసం కలిపేశాం. ప్యాకెట్ల మీద తేదీ తప్ప ఇంకేమీ రాయలేదు.

ఆ 13 రోజులూ దొరికిందల్లా చదివాను. ఈ జబ్బును మొదట గమనించింది 1967లో, కొలరాడోలో పరిశోధన కోసం కంచెల్లో పెంచుతున్న మ్యూల్ జింకల్లో. తిండి పడక చిక్కిపోతున్నాయేమో అనుకున్నారు. 1970ల చివర్లో ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త వాటి మెదడును మైక్రోస్కోప్ కింద చూసి, స్పాంజిలా చిల్లులు పడ్డాయని గుర్తుపట్టింది. గొర్రెల్లో స్క్రేపీ, పశువుల్లో మ్యాడ్ కౌ ఏ కోవలోవో ఇదీ ఆ కోవదే. దీన్ని తెచ్చేది బాక్టీరియా కాదు, వైరసూ కాదు. మడత తప్పిన ప్రొటీన్, తన పక్కనున్న మంచి ప్రొటీన్‌ని కూడా తనలాగే మడతపెట్టేస్తుంది. ఉడికిస్తే చావదు. అసలు బతికి ఉంటే కదా చావడానికి.

మా ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "ఇది మనుషులకి వస్తుందా?" ఇప్పటిదాకా మనుషుల్లో ఒక్క కేసూ నిర్ధారణ కాలేదు, కానీ పాజిటివ్ వచ్చిన జంతువుని తినొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది అన్నాను. "ఆ 'కానీ' చాలు నాకు" అంది.

వాయిస్‌మెయిల్ విన్నాక తిరిగి ఫోన్ చేస్తే ఒక బయాలజిస్ట్ ఓపిగ్గా మాట్లాడింది. జింకల్లో దీన్ని తట్టుకునేవి లేవా అని అడిగాను. జన్యువులో తేడా వల్ల, ప్రియాన్ ప్రొటీన్‌లో 96వ చోట చాలా వైట్‌టెయిల్ జింకలకి గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, కొన్నింటికి సెరీన్ అనేది అంది. సెరీన్ ఉన్నవాటికి జబ్బు సోకడం తక్కువ, సోకినా నెమ్మదిగా ముదురుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది, అవే మిగిలి మంద బాగుపడుతుంది కదా అన్నాను. తట్టుకోవడం వేరు, అసలు రాకపోవడం వేరు అంది. నెమ్మదిగా ముదిరే జింక ఎక్కువ కాలం బతుకుతుంది, అంటే ఎక్కువ కాలం విదిలిస్తుంది కూడా. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఫోన్ పెట్టేశాక పక్కింటి తలుపు తట్టాను. ఆయన జింక ఫలితం ముందురోజే వచ్చిందట. చీటీలో "లేదు" అని కాదు, "కనిపించలేదు" అని ఉంది. కొత్తగా సోకి ఉంటే పరీక్షకి అందకపోవచ్చు కాబట్టి అంతకన్నా మాట ఇవ్వరు. అదైనా మంచి కబురే, నేను కలపకపోయి ఉంటే. ఆయన ఒక్క మాట అనలేదు. ఫ్రీజర్ తెరిచి ప్యాకెట్లు ఒక్కోటి తీసి నా చేతికిస్తూ పోయాడు. అరిచినా బాగుండేది.

అన్నీ రెండేసి సంచుల్లో కట్టి, జింక కళేబరాల కోసమే పెట్టిన చెత్త డబ్బాలో వేశాం. అక్కడి నుంచి అది ల్యాండ్‌ఫిల్‌కి పోతుంది. కత్తుల్ని శుభ్రంగా కడిగి, రెండు వంతుల బ్లీచ్‌కి మూడు వంతుల నీళ్లు కలిపి ఐదు నిమిషాలు ముంచి ఉంచాను. స్టీలు పైన అంటుకున్నదానికి అది పనిచేస్తుంది, మాంసం ముక్క ఇరుక్కుని ఉంటే దాని లోపలికి పోదు. గ్రైండర్‌లో ఎన్ని సందులున్నాయో చూసి దాన్ని పారేసి, ఆయనకి కొత్తది కొనిచ్చాను.

పారేయలేనిది ఒకటి మిగిలిపోయింది. వేటాడినచోటే జింక పొట్ట చీల్చి పేగులు అక్కడే వదిలేశాను. అందరూ చేసేదే. కాకులూ, కొయొటీలనే నక్కల్లాంటి జంతువులూ రెండు రోజుల్లో తినేసి ఉంటాయి. కానీ ప్రియాన్లు బంకమట్టికి అంటుకుని ఏళ్లతరబడి ఉండిపోతాయట, మళ్లీ జింకలకి సోకగలిగేంతగా.

వసంతంలో వెళ్లి చూశాను. అక్కడేమీ లేదు. ఆ స్థలం ఆసామి పక్కనే చిన్న తీగ కంచె కట్టి జింకల్ని రానివ్వకుండా చేశాడు. లోపల ఓక్ మొలకలు నా నడుం దాకా పెరిగాయి, ట్రిలియమ్ పూలు తెల్లగా పరుచుకున్నాయి. బయట ఓక్ ఒక్కటీ చీలమండ దాటలేదు. ఆయనకి జబ్బు కన్నా జింకల సంఖ్యే పెద్ద దిగులు. ఇంకా ఎక్కువమంది వేటకి రావాలంటాడు. పాజిటివ్ వచ్చాక నాకు తెలిసిన ఇద్దరు మాత్రం వేటే మానేశారు. ఆయనకి ఆ సంగతి చెప్పలేదు.

ఈ ఏడాది నా ప్యాకెట్లన్నింటి మీదా బార్‌కోడ్ నంబరు రాశాను. మా ఇద్దరి జింకలకీ "కనిపించలేదు" అనే వచ్చింది. నేను కొనిచ్చిన గ్రైండర్ పక్కింటాయన గరాజ్‌లోనే ఉంది. నాకు కావాలా అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. మాంసం చేత్తోనే తరుక్కున్నాను.