మా హైస్కూల్ గ్రౌండులో ఆకాశం చూపించాం: నా అనుభవం

ఊళ్లో జనానికి ఆకాశం చూపించాలనుకుంటే టెలిస్కోప్ గురించి ఆఖర్న ఆలోచించండి. ముందు తేదీ, తర్వాత లైట్లు. 2026 ఫిబ్రవరిలో ఇందుకూరుపేట వైపు మా ఊరి హైస్కూల్ గ్రౌండులో మేం కొందరం కలిసి ఈ పని చేశాక చెప్తున్నాను.

మన నెల్లూరు వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆకాశాన్ని నమ్మలేం, అందుకే ఫిబ్రవరి. నక్షత్రాలు బాగా కనిపిస్తాయి, అమావాస్యకి పెడదామని కుర్రాళ్లు పట్టుబట్టారు. శుద్ధ అష్టమి దగ్గరే పెట్టాలని నేను పట్టుబట్టాను. మొదటిసారి చూసేవాళ్లకి చందమామ కావాలి, అదీ సగం చందమామ. పౌర్ణమికి ఎండ సూటిగా పడి అంతా చదునుగా కనిపిస్తుంది. అష్టమికైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంట ఎండ ఏటవాలుగా పడుతుంది, గుంటల నీడలు చూసి జనం నోరు తెరుస్తారు.

ఇక లైట్లు. నిజమైన టెన్షన్ అంతా ఇక్కడే. హెడ్మాస్టర్ గారు గ్రౌండ్ ఇస్తానన్నారు గానీ, రాత్రిపూట ఆడపిల్లలు వస్తారు కాబట్టి ప్రతి పిల్లతో ఇంట్లోవాళ్లు ఒకరు రావాలన్నారు. చాలా మంచి షరతు, దానివల్లే సగం ఊరు కదిలింది. సర్పంచ్ గారు అర్జీ రాయమన్నారు, రాశాం. పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక మాట చెప్పి వచ్చాం. లైన్‌మ్యాన్ మాత్రం ఒప్పుకోలేదు. "అన్నా, ఆ స్విచ్ తీస్తే మూడు వీధులు ఆరిపోతాయి, పాములు తిరిగే చోటు, ఎవరికన్నా ఏదన్నా అయితే నన్నే అడుగుతారు" అన్నాడు. అతని మాట న్యాయమే. అతన్ని గ్రౌండుకి తీసుకెళ్లి, లోపలికి వెలుగు పడే దీపాలు ఏవో నిలబడి చూపించాను. అవి రెండే. ఆ రెండిటికీ వైరు విప్పి, కార్యక్రమం అయ్యాక మళ్లీ కలుపుతానన్నాడు, అలాగే చేశాడు. రొయ్యల చెరువుల లైట్లు ఎటూ ఆపలేం, అందుకని టెలిస్కోప్‌ని స్కూల్ బిల్డింగ్ చాటున పెట్టాం. టార్చిలైట్లకి ఎర్ర కాగితం చుట్టాం, తెల్ల లైటు ఒక్కసారి కళ్లల్లో పడితే చీకటికి మళ్లీ అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది.

ఉపన్యాసం చీకటి పడకముందే పెట్టండి, చీకటి పడ్డాక ఎవరూ వినరు. రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన బంతీ బల్బూ పట్టుకుని చంద్రకళలు ఎలా వస్తాయో చూపించారు, అందరికీ అర్థమైంది.

టెలిస్కోప్ ఆరు అంగుళాల డాబ్సోనియన్ (తిరిగే పీట మీద నిలబెట్టే, అద్దంతో పనిచేసే రకం), 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం). 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) పెడితే 48 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. ఇంకా పెద్దగా చూపించమని అడుగుతారు గానీ క్యూ ఉన్నప్పుడు అది వద్దు. భూమి తిరుగుతూనే ఉంటుంది కదా, 120 రెట్లలో రెండు నిమిషాలు గడవకముందే గురుడు పక్కకి జారిపోతాడు, ప్రతి మనిషికీ మళ్లీ సరిచేయాలి. పైగా ఆ నెలలో గురుడు నడినెత్తికి దగ్గర్లో ఉన్నాడు, డాబ్సోనియన్‌ని అటు తిప్పడమే కష్టం. అయినా గురుడి నాలుగు చందమామలూ వరసగా కనిపిస్తుంటే చూపించకుండా ఎలా ఉంటాం? గెలీలియో 1610లో చూసినవి అవే. చిన్నపిల్లలకి ఒక స్టూలు తప్పనిసరి, లేకపోతే టెలిస్కోప్ గొట్టాన్నే పట్టుకుని వేలాడతారు.

క్యూలో నిలబడ్డవాళ్లకి ఊరికే చూసేవి చూపించాలి. దక్షిణాన అగస్త్య నక్షత్రం మనకి దాదాపు 23 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, ఢిల్లీ వాళ్లకి తొమ్మిది డిగ్రీలు కూడా రాదు. మనం దక్షిణాన ఉన్నందుకు దక్కిన లాభం ఇది. ఒక పెద్దావిడ గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపుల్ని తనే చూపించి, "వీటికి మిషను ఎందుకు నాయనా" అంది. ఆమెని అక్కడే కూర్చోబెట్టి పిల్లలకి చెప్పమన్నాం. శ్రీహరికోట రాకెట్ కనిపిస్తుందా అని కూడా చాలామంది అడిగారు, ప్రయోగం ఉన్న రోజు మిద్దె మీంచి చూసే అలవాటు ఇక్కడ అందరికీ ఉంది మరి.

శనిని మాత్రం చూపించలేకపోయాం, అప్పటికే సూర్యుడి వెనకే పడమట దిగిపోతున్నాడు. వలయాలు చూడాలని అడిగినవాళ్లకి వానలు తగ్గాక జనవరిలో పెడతామని చెప్పాం. పక్క ఊరి హెడ్మాస్టర్ గారు మా అర్జీ కాపీ అడిగి తీసుకెళ్లారు, లైన్‌మ్యాన్ ఫోన్ నంబర్‌తో సహా.