ఆర్ద్ర ఇయ్యాల ఎంత?

మా నారాయణపేటలో జనవరి రాత్రి తొమ్మిదిన్నరకు మిద్దె ఎక్కితే రోహిణి, ఆర్ద్ర చుక్కలు రెండూ పైనే ఉంటయి. కార్తెల పేర్లుగా అందరికీ ఎరుకే. రోహిణి వెలుగు దాదాపు ఎప్పుడూ ఒకేతీరు. ఆర్ద్ర, అంటే బీటిల్‌జ్యూస్, అట్ల కాదు. నెలలు గడిచేకొద్దీ పెరుగుతది, తగ్గుతది.

ఎంత వెలుగుందని అడిగితే కన్ను చెప్పలేదు. రెండు చూపించి ఏది ఎక్కువంటే టక్కున చెప్తది. మా నాయిన నూలుకు రంగేసేటప్పుడు పాత నూలు పక్కన పెట్టుకునే చూసేవాడు. ఇదీ ఆ పనే.

చుక్కల వెలుగుకు అంకెలున్నయి: ప్రోసియాన్ అనే చుక్కది 0.4, రోహిణిది 0.9. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. గ్రీకుల కాలం నుంచి ఇదే తిరకాసు. ఆర్ద్ర ఈ రెండింటి నడుమ ఉంటే ఆ సందును ఐదు పాళ్లు చేస్త. ప్రోసియాన్ నుంచి మూడు పాళ్లు దిగిందనిపిస్తే 0.7. రోహిణి కన్నా మసకైతే పోలక్స్ అనే ఇంకో చుక్క ఉంది, 1.1. 2020 ఫిబ్రవరిలో అదీ చాలలేదు. 1.6 దాకా పడిపోయి పక్కనున్న బెలాట్రిక్స్ చుక్కకు సమానమయింది. పేలిపోతదని ఒకటే గోల! ఆర్ద్ర కక్కిన వాయువు చల్లారి, దుమ్మయి మనకు అడ్డమొచ్చిందని తర్వాత శాస్త్రవేత్తలు తేల్చిన్రు.

ఎర్ర చుక్కను గుచ్చి చూస్తే ఇంకా వెలిగినట్టు కనిపిస్తది. అందుకే ఇటో చూపు, అటో చూపు, అంతే. రోహిణిదీ ఆ ఛాయే కాబట్టి తెల్లటి ప్రోసియాన్ కన్నా నాకు దానిమీదే నమ్మకం.

అయితే కన్ను కన్నా మనసుతోనే తిప్పలెక్కువ. నిన్న 0.7 అని గుర్తుంటే ఇయ్యాల కూడా 0.7 కనిపిస్తది. "నాయినా, చుక్కను చూస్తున్నవా, నిన్నటి పేజీనా?" అంటది మా బిడ్డ. నోట్‌బుక్కు ఆమె దగ్గరే ఉంటది. ఇద్దరం వేరువేరు చీటీల మీద రాస్తం, రాసేదాకా అంకె బయటికి చెప్పం. 0.2 తేడా వచ్చినా సగటు చెయ్యం. 1911 నుంచి ఇట్లాంటి లెక్కలు పోగుచేస్తున్న అమెరికా సంఘం ఏఏవీఎస్‌ఓకు ఎవరిది వాళ్ల పేరుతోనే పంపుతం.

ఆర్ద్ర కార్తె వచ్చిందంటే మాకు సెలవు. రైతులు విత్తనాల హడావుడిలో ఉండే ఆ రోజుల్లో సూర్యుడు ఆ చుక్క దిక్కే ఉంటడు, చుక్క కనిపించదు. ఆగస్టులో మబ్బు లేకుంటే తెల్లారగట్ల తూర్పున మళ్లీ దొరుకుతది. అప్పుడు రోహిణి పైన, ఆర్ద్ర కింద. కిందున్నదాని వెలుగును గాలి తినేస్తది కాబట్టి అది కొంచెం పైకెక్కేదాకా ఆగాలె. ఆ పొద్దుటి డ్యూటీ నాదే. బిడ్డ లేవదు.