మాహేబూర్ బస్సులో పంపకాలు

మారిషస్‌లో మూడు రోజులూ వానే. సముద్రం కనబడుతుందని చెప్పి ఎక్కువ డబ్బు గుంజిన గదిలోంచి మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు. నాలుగో రోజు ఒళ్లు మండి పోర్ట్ లూయిస్‌లో మాహేబూర్ బస్సెక్కేశాను. కండక్టర్ చిల్లర లేదన్నాడు. ఈ ఒక్క విషయంలో కాకినాడకీ అక్కడికీ తేడా లేదు.

పక్క సీట్లో ఓ పెద్దాయన. ముసలివాళ్లకి అక్కడ బస్సు ఫ్రీ. ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పాడు. మాది కాకినాడ అనగానే "కోరంగి!" అన్నాడు. వాళ్ల ముత్తాత చెరకు తోటల పనికి అటునుంచే ఓడెక్కాడట. రామభజన పాటలు నోటికొచ్చు, తెలుగులో మాట్లాడటం రాదు. ఇంగ్లీషులోనే నడిపాం. రిటైరయ్యేదాకా వీలునామాలూ ఆస్తి పంపకాలూ రాసే ఒక నోటరీ దగ్గర గుమాస్తా.

గుమాస్తా అనేసరికి నాకు మా తాతగారి మూడెకరాల గొడవ గుర్తొచ్చి చెప్పాను. ఆడపిల్లకి వాటా ఇచ్చే చట్టం మన దగ్గర వచ్చిన 1985 కంటే ముందే పెళ్లయిపోయిందని మా మేనత్తకి వాటా లేదన్నారు. వీలునామాలోనూ ఆవిడ పేరు లేదు.

"ఇక్కడైతే ఆయన అలా రాయలేడు బాబూ" అన్నాడు. ముగ్గురు పిల్లలుంటే నాలుగో వంతుకే వీలునామా చెల్లుతుందట, మిగతాది పిల్లలందరిదీ. దీని మూలం ఫ్రెంచివాళ్లు. 1715లో దీవిని ఆక్రమించి ఇల్ ద ఫ్రాన్స్ అని పేరు పెట్టాక ప్యారిస్ ఆచార చట్టమే ఇక్కడా నడిచింది. పిత్రార్జితంలో అయిదో వంతుకి మించి వీలునామా రాయకూడదు. సామాన్య కుటుంబాల్లో కొడుకూ కూతురూ సమానం. 1810లో ఇంగ్లీషువాళ్లొచ్చినా ఫ్రెంచి చట్టాల్ని ఉండనిచ్చారు.

18వ శతాబ్దంలోనే! మా అత్త ఇక్కడ పుట్టాల్సింది అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఆ సమాన వాటాల్లో ఏమేం ఉండేవో తెలుసా?"

యజమాని పోతే నోటరీ వచ్చి ఇంట్లో ఉన్నదంతా జాబితా రాసేవాడట. కుర్చీలు, గిన్నెలు, ఆవులు, అదే వరసలో బానిసలు. పేరు, వయసు, ఖరీదు. 1723 నాటి రాజాజ్ఞ ప్రకారం వాళ్లు చరాస్తి. మొగుడూ పెళ్లాల్నీ ఈడు రాని పిల్లల్నీ విడదీసి అమ్మకూడదని అందులోనే ఉంది. ఎదిగిన పిల్లలకి అదీ లేదు. విడుదలైన బానిసకి తెల్లవాడు వీలునామాలో చిల్లిగవ్వ రాయడానికి వీల్లేదు, ఆమె కన్న బిడ్డ తనదే అయినా సరే.

"ఆడపిల్ల వాటా తగ్గకూడదు కదా. లెక్క సరిపోకపోతే ఓ మనిషిని అటు వేసేవాళ్లు" అన్నాడు.

క్యూర్‌పిప్ దాటాక మళ్లీ వాన. నా కిటికీ మూతపడదు. ఆయన సంచిలోంచి ధోల్‌పురీ పొట్లం తీశాడు. అక్కడ జతగానే అమ్ముతారు, బెల్లం వెయ్యడం మర్చిపోయిన బొబ్బట్టులా ఉంటుంది. ఒకటి నాకిచ్చి, "మీ అత్తకి ఇప్పుడైనా ఏమైనా ఇచ్చారా?" అనడిగాడు.

ఆ మూడెకరాల్లో నా పేరు మీదున్న అరెకరం సంగతి ఎత్తకుండా, పురీ బాగుందన్నాను.