స్టానేజ్ ఎడ్జ్: ఎత్తు తక్కువేగా అనుకుంటే అక్కడే తిప్పలు

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మాంచెస్టర్ వైపు వెళ్లే ప్యాసింజర్ రైలెక్కితే ఇరవై నిమిషాలు తిరక్కుండానే హాథర్‌సేజ్‌లో దిగుతాం. ఊరు దాటి, గొర్రెలు మేసే పచ్చిక మళ్ల మీదుగా దాదాపు గంట ఎక్కితే స్టానేజ్ ఎడ్జ్, తాళ్లతో బండలెక్కేవాళ్ల రాతిగోడ. కార్లలో వచ్చేవాళ్లు హాలిన్ బ్యాంక్ పార్కింగుకు పొద్దున్నే చేరాలి. ఎండ కాసే ఆదివారమైతే ఆలస్యంగా వచ్చినవాళ్లకు చోటుండదు. అక్టోబరు కాబట్టి మేం తాపీగా రైల్లోనే వెళ్లాం.

చెట్లు దాటగానే స్టానేజ్ మొత్తం కనిపిస్తుంది. హెదర్ పొదల మైదానం ఒక్కసారిగా తెగిపోయినట్టు, దాదాపు 6 కిలోమీటర్ల పొడవున రాతిగోడ. అన్నిటికన్నా ఎత్తైన చోటు హై నెబ్, సముద్రమట్టానికి 458 మీటర్లు. గోడ ఎత్తు మాత్రం చాలాచోట్ల 10 నుంచి 20 మీటర్లే. 30 కోట్ల ఏళ్లకు ముందు నదులు డెల్టాలో పోసిన ముతక ఇసుకే ఇలా గట్టిపడింది. తిరగలి రాళ్లుగా చెక్కడానికి బాగా పనికొచ్చేది. గిరాకీ పడిపోయాక కొనేవాళ్లు లేక మిగిలిన చక్రాలు ఇప్పటికీ గోడ కింద గడ్డిలో పడి ఉన్నాయి.

భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకున్నవాళ్లకు కూడా ఈ రాయి కొత్తే. చేతికి పదునైన అంచులు దొరకవు, అన్నీ గుండ్రంగా అరిగిన మెట్లే. పట్టంతా గరుకుదనంలోనే ఉంది. వేళ్లకు చెమట పడితే పట్టు జారుతుంది, అందుకే చలిగా, పొడిగా ఉన్న రోజే ఇక్కడ మంచి రోజు. వేసవిలో గాలి లేని సాయంత్రాలు మిడ్జ్ దోమలకు వదిలెయ్యడం మేలు.

నిలువు నెర్రెల్లో జామింగ్, అంటే చెయ్యి లోపల బిగించి పట్టు తెచ్చుకోవడం, రాకపోతే పని జరగదు. బొటనవేలు పైకి ఉండేలా అరచేయి లోపలికి దూర్చి, ఆ వేలిని అరచేతిలోకి మడవాలి. దాని మొదట్లో కండ ఉబ్బి ఒక గోడకు, వేళ్ల కణుపులు ఎదుటి గోడకు బిగుసుకుంటాయి. బరువు వేశాక చెయ్యి తిప్పినా, బిగువు వదలకుండా లాగినా చర్మం లేచిపోతుంది. జింక్ ఆక్సైడ్ టేపు ముందే చుట్టుకోవాలి. క్రిస్మస్ క్రాక్ అనే దారి దీనికి చక్కని బడి, గ్రేడు హార్డ్ సివియర్, బ్రిటిష్ కొలతలో మరీ కష్టం కాని స్థాయి. క్రిస్మస్ రోజున దాన్నెక్కడం ఇక్కడివాళ్లకు ఆనవాయితీ. 1949లో బ్రిటిష్ క్లైంబర్ జో బ్రౌన్ ఎక్కిన రైట్ అన్‌కాంకరబుల్ దారి మాత్రం చేతులు నిజంగా గట్టిపడ్డాకే.

తాడు తగిలించడానికి రాతిలో దిగేసిన బోల్టులు ఎక్కడా ఉండవు. నెర్రెల్లో ఇరికించే లోహపు ముక్కలు నట్లు, లోపల విచ్చుకుని బిగిసే కామ్‌లు మనమే పెట్టుకోవాలి, మన వెనకాల వచ్చేవాళ్లు తీసుకోవాలి. గోడ పొట్టిది కాబట్టి ప్రమాదమూ కిందే ఉంది. మొదటి 4-5 మీటర్లలోనే ఇలాంటివి రెండు పడాలి. లేకపోతే తాడు సాగేలోపే నేల తగులుతుంది. అడ్డ నెర్రెల్లో కామ్ బాగా కూర్చుంటుంది గానీ తాడు కదిలినప్పుడల్లా అదీ జరుగుతుంది. మధ్యలో 60 సెంటీమీటర్ల స్లింగ్ (పట్టీ ఉచ్చు) వేస్తే ఆ కదలిక కామ్ దాకా చేరదు.

పైకి చేరాక చాలామంది తికమకపడేది బిలే దగ్గర, అంటే తమను కట్టేసుకుని వెనకాల ఎక్కేవాళ్ల తాడు పట్టుకునే చోట. నమ్మదగిన బండలు అంచుకు చాలా మీటర్లు వెనక ఉంటాయి. అందుకే 50 మీటర్ల తాడు, ఎక్కేది 15 మీటర్లే అయినా. మిగిలిన తాడుతోనే కనీసం రెండు బండలకు కట్టుకుని అంచు దాకా వచ్చి కూర్చోవాలి. బండ దగ్గరే ఉండిపోతే కింద ఎక్కేవాళ్లు కనబడరు, గాలికి కేక కూడా వినబడదు. టాప్‌రోప్ (పైనుంచి వేలాడదీసిన తాడు) వేస్తే దాన్ని తగిలించే కొక్కెం, కారబైనర్, అంచు దాటి కిందికి వేలాడాలి. అలా చెయ్యనివాళ్ల తాళ్లు కోసిన గాట్లు పేరున్న దారులన్నిటి తలమీదా కనిపిస్తాయి, చూస్తే కడుపు మండుతుంది.

వసంతంలో వెళ్లేవాళ్లు రింగ్ ఔజెల్ పిట్టలు గూళ్లు పెట్టిన చోట్ల ఉంచే బోర్డులు చదివి, ఆ దారులు వదిలెయ్యాలి. వాన పడ్డా గోడ పడమర గాలికి తొందరగానే ఆరుతుంది. నెర్రెల లోపల పచ్చగా నాచు మెరుస్తుంటే మాత్రం తాడు సంచిలోంచి తియ్యకుండా అంచు వెంబడే హై నెబ్ దాకా నడిచి రావచ్చు.